నూటికి ముప్ఫై – ఏ లెక్కన?

2024 మార్చి 1వ తేదీన మన దేశంలో బాగా వాడుకలో ఉన్న కొన్ని యాప్‌లు గూగుల్ ప్లే స్టోర్‌లో కనిపించకుండా పోయాయి. పెళ్ళి సంబంధాలు చూపించే భారత్ మాట్రిమనీ, షాదీ, ఉద్యోగాల సమాచారం అందించే నౌకరీ, కథలు వినిపించే కుకు ఎఫ్‌ఎం, హైదరాబాదులో పుట్టిన పరిచయాల యాప్ క్వాక్‌క్వాక్ వాటిలో ఉన్నాయి. వైరస్ దొరికిందనో, ఎవరినో మోసం చేశాయనో వాటిని తొలగించలేదు. తన స్టోర్‌ను వాడుకుంటూ రుసుము మాత్రం చెల్లించడం లేదని పది కంపెనీలను గూగుల్ తప్పుపట్టింది. కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకుని ఇరుపక్షాలతో మాట్లాడింది. కొద్ది రోజుల్లోనే ఆ యాప్‌లు తిరిగి వచ్చాయి.

ఈ గొడవ చాలామందికి ఇద్దరు వ్యాపారుల తగవులా కనిపించి ఉంటుంది. కానీ ఇది చదువుతున్న మీలో రేపు సాఫ్ట్‌వేర్ రాయబోయేవారు ఎందరో ఉన్నారు. మీరు తయారుచేసిన తొలి యాప్‌కు ధర నిర్ణయించే రోజున ఇదే ప్రశ్న మీ ముందు నిలుస్తుంది: అమ్మిన ప్రతి వంద రూపాయల్లోనూ స్టోర్ యజమానికి ఎంత ఇవ్వాలి? ఎందుకు ఇవ్వాలి?

దీనిని మనకు అలవాటైన శాస్త్రీయ పద్ధతిలోనే పరిశీలిద్దాం. ఒక వాదన వినగానే నమ్మడమో, కొట్టిపారేయడమో కాకుండా, అది నిజమైతే ఏం జరగాలి, వాస్తవంగా ఏం జరిగింది అని సరిపోల్చి చూద్దాం.

అంగడి పుట్టిన కథ

ఆపిల్ సంస్థ 2008 జూలైలో సుమారు 500 యాప్‌లతో తన యాప్ స్టోర్ తెరిచింది. అమ్మకం ధరలో 70 శాతం యాప్ తయారుచేసిన డెవలపర్‌కు, 30 శాతం ఆపిల్‌కు అన్నది నియమం. అదే ఏడాది వచ్చిన గూగుల్ వారి ఆండ్రాయిడ్ మార్కెట్ కూడా డెవలపర్‌కు 70 శాతమే ఇచ్చింది. 2012లో దాని పేరు ప్లే స్టోర్‌గా మారింది.

అప్పట్లో ఈ ఏర్పాటు అన్యాయంగా తోచలేదు. అంతకు ముందు సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే డిస్కుల్లోకి ఎక్కించి, అట్టపెట్టెల్లో సర్ది, పంపిణీదారుకూ దుకాణదారుకూ వాటాలు పంచాల్సి వచ్చేది. ఫోన్లలో రింగ్‌టోన్లు, చిన్న చిన్న ఆటలు అమ్మిన రోజుల్లో టెలిఫోన్ కంపెనీలు రాబడిలో పెద్ద భాగాన్ని తామే ఉంచుకునేవి. అలాంటిది, ఒక గదిలో కూర్చుని రాసిన ప్రోగ్రాము కొద్ది రోజుల్లో ప్రపంచమంతా చేరడం, డబ్బు వసూలు చేసే బాధ్యత మరొకరు తీసుకోవడం నిజంగా గొప్ప సౌకర్యమే. ఈ సంగతి ఒప్పుకోకుండా చేసే విమర్శ న్యాయమైనది కాదు.

తర్వాత రెండు మార్పులు జరిగాయి. మొదటిది అమ్మకం పద్ధతిలో వచ్చింది. యాప్‌ను ఉచితంగా ఇచ్చి, లోపల పాఠాలు, కథలు, ఆటలోని వస్తువులు విడివిడిగా అమ్మడం 2009 తర్వాత విస్తరించింది. 2011లో పత్రికలు, పాటల వంటి వాటి చందాలకూ ఆపిల్ ఈ వాటాను వర్తింపజేసింది. అంటే కమీషన్ ఒక్కసారి కొన్నప్పుడు మాత్రమే కాక, నెలనెలా పడే బరువైంది.

రెండో మార్పు, ఫోన్లోకి వెళ్ళే దారులన్నీ ఇద్దరి చేతుల్లోకి రావడం. యూరప్‌లో 2024 మార్చిలో డిజిటల్ మార్కెట్ల చట్టం నిబంధనలు వర్తించేవరకు ఐఫోన్‌లోకి ఆపిల్ స్టోర్ తప్ప మరో స్టోర్ రావడానికి వీలుండేది కాదు. ఆండ్రాయిడ్‌లో వేరే దారులున్నా, ఫోన్ కొనేనాటికే అందులో ఉండేది ప్లే స్టోర్. మన దేశంలోని స్మార్ట్‌ఫోన్లలో తొంభై శాతానికి పైగా ఆండ్రాయిడ్‌వే. కాబట్టి ప్లే స్టోర్‌లో లేని యాప్ మన దేశంలో దాదాపు లేనట్టే.

శాతాల లెక్క సరిగా చూద్దాం

30 శాతం అనగానే, వందకు ముప్ఫై పోతే డెబ్బై మిగులుతుందిలే అనిపిస్తుంది. ఇక్కడే ఒక పొరపాటు దొర్లుతుంది. ఈ కమీషన్ లాభం మీద కాదు, అమ్మకం మీద.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకోండి. పన్నులను పక్కన పెడదాం. తెలుగు కథలను చదివించి, రికార్డు చేసి, ఒక్కో సంపుటిని 100 రూపాయలకు అమ్మే యాప్ మీరు నడుపుతున్నారనుకోండి. రచయితకు, చదివినవారికి కలిపి 40 రూపాయలు. స్టూడియో, సర్వర్లు, జీతాలు 25 రూపాయలు. మొత్తం ఖర్చు 65. కమీషన్ లేకపోతే మీకు మిగిలేది 35 రూపాయలు. 30 శాతం కమీషన్ పోతే మిగిలేది 5 రూపాయలే. అంటే మీ లాభంలో సుమారు 86 శాతం వెళ్ళిపోయింది. కమీషన్ 15 శాతమైతే 20 రూపాయలు మిగులుతాయి.

‘ధర పెంచితే సరి’ అంటారా? చేతికి నికరంగా 100 రూపాయలు రావాలంటే ధర 130 పెడితే చాలదు. 130లో 30 శాతం 39 రూపాయలు, మిగిలేది 91. వందను 0.7తో భాగించండి. 142 రూపాయల 86 పైసలు వస్తుంది. అంటే 30 శాతం కమీషన్‌ను పూర్తిగా కొనుగోలుదారు మీద వేస్తే ధర దాదాపు 43 శాతం పెరగాలి. అంత ధరకు కొనేవారు తగ్గుతారు. పెంచకపోతే రచయిత వాటా తగ్గాలి, లేదా యాప్ మూతపడాలి. ఏదో ఒక చోట ఆ భారం పడక తప్పదు.

మరో విచిత్రం చూడండి. యాప్ ద్వారా బిర్యానీ తెప్పించుకుంటే, ఆటో పిలిపించుకుంటే, చీర కొంటే ఈ కమీషన్ లేదు. అదే ఫోన్లో కథ వింటే, పాఠం కొంటే, ఆట ఆడితే ఉంది. చేతికి తగిలే సరుకుకు మినహాయింపు, మెదడుకు పనిచెప్పే సరుకుకు సుంకం!

సమర్థనలను పరీక్షిద్దాం

ఈ వాటాకు కంపెనీలు చెప్పే కారణాలు ముఖ్యంగా నాలుగు. ఒక్కొక్కదాన్నే పరీక్షకు పెడదాం.

మొదటి కారణం: డబ్బు వసూలు, రసీదులు, వాపసులు అన్నీ మేమే చూస్తున్నాం. ఇది నిజమే. అయితే దాని విలువెంత? మన దేశంలో కార్డు చెల్లింపులకు గేట్‌వే సంస్థలు సాధారణంగా 2 శాతం ప్రాంతంలో తీసుకుంటాయి. యూపీఐ చెల్లింపుల మీద దుకాణదారుకు పడే రుసుమును 2020 జనవరిలో ప్రభుత్వం సున్నా చేసింది. అయినా, మన అంచనా వద్దు. కంపెనీలు తామే జవాబు చెప్పిన సందర్భాలున్నాయి. 2021లో దక్షిణ కొరియా చట్టసభ, ఫలానా చెల్లింపు పద్ధతినే వాడాలని స్టోర్ యజమానులు బలవంతపెట్టరాదని చట్టం చేసింది. అప్పుడు వేరే చెల్లింపు పద్ధతి వాడుకునేవారికి గూగుల్ 4 శాతం తగ్గించింది. 30 కాస్తా 26 అయింది. నెదర్లాండ్స్‌లో పరిచయాల యాప్‌ల విషయమై అక్కడి నియంత్రణ సంస్థ ఆదేశించినప్పుడు ఆపిల్ 27 శాతం అడిగింది. అమెరికాలో కోర్టు ఆదేశం 2024లో అమల్లోకి వచ్చినప్పుడు, యాప్ బయట లింకు ద్వారా జరిగిన అమ్మకం మీద కూడా ఆపిల్ 27 శాతమే అడిగింది. మన దేశంలో 2023లో గూగుల్ ఇచ్చిన వెసులుబాటు మళ్ళీ అదే 4 శాతం.

నాలుగు చోట్ల చేసిన ఒకే ప్రయోగం అనుకోండి దీనిని. వసూలు పని తీసేస్తే తగ్గింది మూడో, నాలుగో శాతం. అంటే వసూలు సేవ విలువ అంతేనని కంపెనీల లెక్కే చెబుతోంది. సొంత గేట్‌వేకు రెండు మూడు శాతం కట్టుకోవలసిన డెవలపర్‌కు చివరికి మిగిలేది దాదాపు ఏమీ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత గుర్తుకు రాకమానదు.

రెండో కారణం: భద్రత. దీనిని తేలిగ్గా తీసుకోకూడదు. శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకున్నవారి గురించి పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. యాప్‌లను తనిఖీ చేసేవారు ఉండాల్సిందే. అయితే ఒక యాప్‌ను తనిఖీ చేయడానికయ్యే ఖర్చు ఆ యాప్ ఎంత అమ్ముడైందన్న దాని మీద ఆధారపడదు. పది రూపాయల కథకైనా, వెయ్యి రూపాయల కోర్సుకైనా తనిఖీ ఒకటే. పైగా బిర్యానీ యాప్‌నూ, ఉచిత యాప్‌నూ కూడా తనిఖీ చేస్తున్నారు. వాటి నుంచి శాతం అడగడం లేదు. కనుక భద్రత కోసం ఒక స్థిరమైన రుసుము ఉండాలంటే అర్థముంది, అమ్మకంలో శాతం ఉండాలంటే పొసగదు.

మూడో కారణం: డెవలపర్లకు ఉచితంగా పనిముట్లు, పరిశోధన ఫలితాలు అందిస్తున్నాం. ఇదీ కొంతవరకు నిజం. ప్రోగ్రాము రాయడానికి కావలసిన పరికరాలను, భాషలను, నోటిఫికేషన్ల వంటి సదుపాయాలను ఈ సంస్థలే ఇస్తున్నాయి. కానీ వాటిని అందరూ వాడుకుంటున్నారు, కమీషన్ కట్టేది కొందరు. ఇంకో మాట: యాప్‌లు లేని స్మార్ట్‌ఫోన్‌ను ఎవరు కొంటారు? డెవలపర్ వేదికకు ఎంత రుణపడ్డాడో, వేదిక డెవలపర్‌కు అంత రుణపడి ఉంది. ఈ లెక్కలో ఒక వైపే రాస్తే అది ఖాతా పుస్తకం అనిపించుకోదు.

నాలుగో కారణం: అందరూ 30 శాతమే తీసుకుంటున్నారు. దీన్ని పరీక్షించడానికి మరో తలుపు ఉన్న చోటు చూడాలి. కంప్యూటర్ ఆటల రంగం అటువంటిది; అక్కడ ఒక స్టోర్ నచ్చకపోతే ఇంకో స్టోర్‌కు, లేదా సొంత వెబ్‌సైట్‌కు పోవచ్చు. 2018 చివర్లో ఎపిక్ గేమ్స్ సంస్థ 12 శాతం కమీషన్‌తో కొత్త స్టోర్ తెరిచింది. దానికి కొద్ది రోజుల ముందే, అంతవరకు 30 శాతం తీసుకుంటున్న స్టీమ్ స్టోర్ అమ్మకాలు భారీగా ఉన్న ఆటలకు 25, 20 శాతం మెట్లు ప్రకటించింది. 2021లో మైక్రోసాఫ్ట్ కూడా కంప్యూటర్ ఆటలపై తన వాటాను 30 నుంచి 12 శాతానికి దించింది. పోటీ ఉన్న చోట అంకె కదిలింది.

మరి ఫోన్లలో? 2020 ఆగస్టులో ఎపిక్ సంస్థ ఆపిల్, గూగుల్‌లపై దావా వేసింది. ఆ నవంబరులో, ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు రాబడి ఉన్నవారికి 15 శాతమే అని ఆపిల్ ప్రకటించింది. 2021 జూలై నుంచి గూగుల్ కూడా తొలి పది లక్షల డాలర్ల రాబడికి 15 శాతం చేసింది. 2022 జనవరి నుంచి చందాలన్నిటికీ అదే రేటు పెట్టింది. 2023 డిసెంబరులో అమెరికా జ్యూరీ గూగుల్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. 2025 నవంబరులో ఎపిక్‌తో రాజీకి వచ్చినప్పుడు గూగుల్ ప్రతిపాదించిన రేట్లు 9, 20 శాతాలు. పన్నెండేళ్ళు పెద్దగా కదలని అంకె, న్యాయస్థానం తలుపు తట్టాక గట్టిగా కదలడం మొదలైంది. ఖర్చుల వల్ల పుట్టిన ధర ఇలా ప్రవర్తించదు. బలం వల్ల పుట్టిన ధర ఇలా ప్రవర్తిస్తుంది.

ఈ మాట నా ఒక్కడి ఊహ కాదు. ఆపిల్ దావా విన్న న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ 2021 తీర్పులో చాలా అంశాల్లో ఆపిల్‌నే సమర్థించారు. బయట ఇంతకన్నా చవకగా దొరుకుతుందని వినియోగదారుకు చెప్పకుండా డెవలపర్ నోరు నొక్కే నియమాన్ని మాత్రం తప్పుపట్టారు. ఆ ఆదేశాన్ని 27 శాతం కమీషన్‌తో నిర్వీర్యం చేశారని 2025 ఏప్రిల్ 30న ఆమె ఆపిల్‌ను కోర్టు ధిక్కారానికి బాధ్యురాలిని చేశారు. ఆ వాటాను సమర్థించేందుకు చూపించిన అధ్యయనం నిర్ణయం జరిగాక తెచ్చుకున్న సాకు అని కూడా తేల్చారు. ముందు జవాబు రాసుకుని తర్వాత ప్రయోగం చేసినట్టు నటించడాన్ని మన ప్రయోగశాలల్లో ఏమంటామో మీకు తెలుసు.

నోరు నొక్కే నియమం

నిజానికి కమీషన్ కన్నా ప్రమాదకరమైనది ఈ నియమమే. మార్కెట్ పనిచేయాలంటే కొనేవారికి ధరలు తెలియాలి. పక్క వీధిలో ఇదే సరుకు చవక అని చెప్పే హక్కు లేని చోట పోటీ అన్న మాటకు అర్థం లేదు. 2011 తర్వాత చాలా ఏళ్ళు ఐఫోన్‌లోని కిండిల్ యాప్‌లో పుస్తకం చదవవచ్చు గాని కొనడానికి వీలుండేది కాదు. 2025 తీర్పు వచ్చాకనే అమెరికాలో ఆ యాప్‌లో కొనుగోలుకు దారి చూపే బటన్ కనిపించింది. ఈ రకమైన ఆంక్షల విషయంలోనే యూరోపియన్ కమిషన్ ఆపిల్‌పై 2024 మార్చిలో 180 కోట్ల యూరోలకు పైగా, 2025 ఏప్రిల్‌లో మరో 50 కోట్ల యూరోలు జరిమానా వేసింది.

మూడు శాతం మంది మాటేమిటి?

గూగుల్ దగ్గర ఒక బలమైన జవాబుంది. భారతీయ డెవలపర్లలో రుసుము కట్టవలసినవారు 3 శాతమేననీ, 15 శాతం కన్నా ఎక్కువ కట్టవలసినవారు 60 మంది లోపేననీ 2024లో ఆ సంస్థ చెప్పింది. అలాంటప్పుడు ఇంత రభస దేనికి?

ఈ అంకెను కొంచెం ఆగి చూడండి. 97 శాతం మంది ఎందుకు కట్టడం లేదు? వాళ్ళు డిజిటల్ సరుకు అమ్మడం లేదు కనుక. సరుకు అమ్మని యాప్‌కు రాబడి ఎక్కడిది? చాలావాటికి ప్రకటనలే ఆధారం. ప్రకటనల ఆదాయంపై స్టోర్ కమీషన్ లేదు. అంటే, మంచి పాఠం రాసి న్యాయమైన ధరకు అమ్మేవాడు వాటా ఇవ్వాలి. ఉచితమని పిలిచి, మీ సమయాన్నీ సమాచారాన్నీ ప్రకటనదారులకు అమ్మేవాడు ఇవ్వనక్కర్లేదు. యాప్‌లు ప్రకటనలవైపు మళ్ళడానికి కారణాలు అనేకం, కమీషన్ ఒక్కటే కాదు. కానీ ఇలాంటి నియమం త్రాసును ఏ వైపు వంచుతుందో చెప్పడానికి పెద్ద గణితం అక్కర్లేదు. తెలుగు నిఘంటువు, తెలుగులో సైన్సు పాఠాలు, పిల్లల కథల వంటివి కొనేవారు ఇంగ్లీషుతో పోలిస్తే తక్కువ. అంత సన్నని రాబడి మీద బతికే ప్రయత్నాలకు పది రూపాయల తేడా కూడా చావుబతుకుల సమస్య.

ఇంకొకటి. మిగతా 97 శాతం మంది ఖర్చును ఈ 3 శాతం మంది మోయాలనడం పన్ను వంటి నిర్ణయం. అది మంచి నిర్ణయమే కావచ్చు. కానీ పన్నును చట్టసభ చర్చించి వేస్తుంది, దానికి లెక్కలు చూపిస్తుంది. ఇక్కడ చర్చించిందెవరు, లెక్క చూపిందెవరు?

మన దగ్గర ఏం జరిగింది?

ప్లే స్టోర్‌లో తన బిల్లింగ్ పద్ధతినే తప్పనిసరి చేసినందుకు భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 25న గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్, ఇది ఆధిపత్య దుర్వినియోగమేనని ఒప్పుకుంటూ, జరిమానాను 216.69 కోట్లకు తగ్గించింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. మరో పక్క, కొత్త కమీషన్ పద్ధతిని సవాలు చేసిన మన కంపెనీల పిటిషన్లను మద్రాసు హైకోర్టు 2023 ఆగస్టులో కొట్టివేసింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇవ్వలేదు. మార్చి 1 సంఘటన ఆ తర్వాతదే.

ఆ ఫిబ్రవరిలోనే ఫోన్‌పే సంస్థ 12 భారతీయ భాషల్లో ఇండస్ యాప్‌స్టోర్ తెచ్చింది. డెవలపర్ తనకు నచ్చిన చెల్లింపు పద్ధతి వాడుకుంటే కమీషన్ లేదన్నది. 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు కూడా రైతుకు కమీషన్ ఏజెంటు కాక మరో దారి ఉండాలన్నదే ఉద్దేశం. అయితే రైతుబజారుకు నడిచి వెళ్ళవచ్చు. ఫోన్లో ముందే ఉన్న అంగడిని వదిలి కొత్త అంగడిని వెతికి తెచ్చుకునేవారు కొద్దిమందే. తలుపు ఉండటం వేరు, అది కంటికి కనబడటం వేరు.

డెవలపర్ల వాదనలోనూ లోపాలున్నాయి. ఎపిక్ చిన్న సంస్థ కాదు. మన కంపెనీల్లో కూడా కొన్ని స్టాక్ మార్కెట్‌కెక్కిన పెద్దవే. కమీషన్ తగ్గితే ఆ లాభాన్ని వినియోగదారుకు పంచుతామని వారు రాసిచ్చిందేమీ లేదు. ‘అసలు ఏమీ కట్టం’ అనడం కూడా సరికాదు. సర్వర్లు, తనిఖీ చేసే ఉద్యోగులు ఊరికే రారు.

కాబట్టి న్యాయమైన షరతులు ఏవి? సేవలను విడదీసి, ప్రతిదానికి విడిగా ధర చెప్పాలి. వాడుకున్న సేవకే డబ్బు తీసుకోవాలి. బయటి ధరను వినియోగదారుకు చెప్పే స్వేచ్ఛ ఉండాలి. యాప్‌ను తొలగించే ముందు, స్టోర్ యజమాని కాని మరొకరి దగ్గర వాదన వినిపించుకునే అవకాశం ఉండాలి. ఈ నాలుగూ ఉంటే, అంకె పదైనా ఇరవై అయినా అది బేరంలో తేలిన ధర అవుతుంది.

మీరు చేయవలసిన పని కూడా ఒకటుంది. మీ ఫోన్లో మీకు ఉపయోగపడిన ఒక యాప్‌ను ఎంచుకోండి. దానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, అందులో ఎవరి వాటా ఎంత అని తెలుసుకునే ప్రయత్నం చేయండి. చందా ఉంటే, అదే చందా వారి వెబ్‌సైట్‌లో ఎంతుందో పోల్చి చూడండి. తేడా కనిపిస్తే 0.7తోనూ, 0.85తోనూ గుణించి చూడండి. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తరగతిలో మీ స్నేహితులతో చర్చించండి. రేపు మీ యాప్‌కు మీరే ధర పెట్టవలసి వచ్చినప్పుడు ఈ లెక్క మీకు కొత్తగా ఉండదు.